నీహారికాదేవి వడ్డన

పూర్వం, ఈ సూర్యభగవానుడు ఇంకా కన్ను తెరవని కాలంలో, ఉదయాస్తమయాలు లేక దిక్కులన్నీ ఒక్క తీరుగానే ఉన్న దూరయుగంలో, దీప్తిసేనుడనే జ్యోతిశ్చక్రవర్తి నభోమండలాన్ని ఏలుతూ ఉండేవాడు. ఇతర రాజులు ధనాగారాలు తెరిచి దానం చేస్తే, ఆ మహాదాత తన దేహాన్నే ధనాగారంగా చేసుకొని, జఠరకుహరంలో తనను తానే వండుకొంటూ, ఆ పాకం నుంచి పుట్టిన వెలుగును అడిగినవారికీ అడగనివారికీ సమంగా పంచిపెడుతూ, అలసట ఎరుగక, ప్రతిఫలం కోరక, యుగాలకు యుగాలు గడిపాడు. వండగా వండగా ఆయన గర్భంలో బొగ్గు పుట్టింది, ప్రాణవాయువు పుట్టింది, ఇసుకకు మూలమైన ధాతువు పుట్టింది. కట్టకడపట ఇనుము పుట్టింది. ఇనుము పుట్టిన పొయ్యి ఇక మండదు. ఎంత ఎగదోసినా అది వెలుగు ఇవ్వదు సరికదా, ఉన్న వేడిని కూడా తాగేస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా చివరి కిరణం దాకా దానం మానని ఆ పుణ్యశ్లోకుని ముఖం తొలుత కెంపువన్నెకు తిరిగింది, తరువాత వణికింది. ఆపై ఆయన ఒక్కసారి తనలోకి తాను కుంగి, మరుక్షణం దిగంతాలు దద్దరిల్లేలా బద్దలయ్యాడు. పోతూ పోతూ కూడా ఆ చేయి ముడుచుకోలేదు. అంతవరకు ఎక్కడా లేని బంగారాన్ని ఆ ఘోరాగ్నిలోనే పుట్టించి, విరజిమ్మి మరీ వెళ్లాడు.

ఆ చక్రవర్తికి ఒక్కతే కుమార్తె. ఆమె పేరు నీహారిక. తుహినాంగి, ధూమ్రవసన, మందగమన అయిన ఆ దేవి తండ్రి కడపటి వెలుగును కళ్లారా చూసి, ఏడ్వడానికి కన్నీరు కూడా గడ్డకట్టుకుపోయే ఆ చలిలో నిలబడి, నలువైపులా ఎగిరి వస్తున్న ఆయన దేహభస్మాన్ని తన విశాలమైన కొంగు పరచి పట్టుకొన్నది. ఆ భస్మం వచ్చి తగిలిన వేగానికి ఆమె దేహం మెల్లగా తిరగసాగింది. ఆ తిరుగుడు ఆమెను మరి విడిచిపెట్టలేదు.

అలా తిరుగుతూనే, కొంగు ముడి జారనివ్వకుండా, నీహారికాదేవి ఘోరమైన తపస్సు చేసింది. యుగాలు గడిచాక, సర్వలోకకర్త, వేదమూర్తి, చతుర్ముఖుడు అయిన విధాత హంసవాహనారూఢుడై ఆమె ఎదుట ప్రత్యక్షమయ్యాడు.

"అమ్మా నీహారికా! నీ కోరిక ఏమిటి?"

"స్వామీ! నా తండ్రి తనకంటూ ఏమీ దాచుకోలేదు. ఆయన ఇచ్చినదంతా ఈ కొంగులో మూటకట్టి ఉంది. మోయడానికి నేనున్నాను గాని, తినడానికి ఎవరూ లేరు. తినేవారు లేని వంట ఎంత బరువో వండిన చేతికే తెలుస్తుంది. నాకు సంతానాన్ని ప్రసాదించండి."

విధాత నాలుగు ముఖాలా చిరునవ్వు నవ్వాడు. "ఇస్తాను తల్లీ. అయితే నేనివ్వగలిగింది జీవకళలను మాత్రమే. దేహం అన్నం వల్ల వచ్చేది. ఆ అన్నం నీ కొంగులో ఉంది. నీవు వడ్డించు, తిన్నంత మేరకు వారు తయారవుతారు. కాని ఒక నియమం ఉంది. అందరూ ఒకే పంక్తిలో, నీ పెద్దకొడుకును నడుమ ఉంచుకొని చుట్టూ కూర్చోవాలి. పంక్తికి పెద్ద అయినవాడు ఉత్తరాపోశనం పట్టి, చివరి నీటిబొట్టు పుచ్చుకొని లేచిన క్షణాన భోజనం ముగిసినట్టే. ఆ తరువాత ఎవరి విస్తరి ముందు ఏమి మిగిలినా ఎవరూ ముట్టరాదు. నీ పెద్దకొడుకు లేవడమంటే వెలగడమే. అతని తొలి ఊపిరికి నీ కొంగు నిలవదు, నీవూ నిలవవు."

నీహారికాదేవి కొంగు ముడిని తడిమి చూసుకొన్నది. "వాడు లేచేలోగా అందరికీ వడ్డించగలనా స్వామీ?"

"తల్లివి కదా, చూసుకో. ఇంకొక మాట. వడ్డించే చేయి నీదే కావాలి."

ఆ మాటకు ఆ దుఃఖంలోనూ ఆమెకు నవ్వు వచ్చింది. "అది కూడా చెప్పాలా స్వామీ? ఎంగిలి చేత్తో వడ్డించకూడదని నాకు మీరు నేర్పాలా?"

"నేర్పనక్కరలేదు. గుర్తు చేశాను, అంతే" అని విధాత అంతర్ధానమయ్యాడు.

అప్పుడు నీహారికాదేవి దిగంతాల దాకా పరచుకొని ఉన్న తన ఉత్తరీయాన్ని దగ్గరకు లాక్కొన్నది. లాక్కొన్న కొద్దీ ఆమె తిరుగుడు వేగమైంది. వేగమైన కొద్దీ, గిర్రున తిరిగే పడుచుపిల్ల పరికిణీ కుచ్చిళ్లు విచ్చి నేలకు సమంగా పరచుకొన్నట్లు, ఆ ధూళిమయమైన ఉత్తరీయం నడుమ ఉబ్బి, చుట్టూ పలుచనై, విశాలమైన విస్తరిలా పరచుకొన్నది. నడిమధ్య, వేడి కుంపటిలా రాజుకొంటున్న చోట, జ్యేష్ఠపుత్రుడైన భాస్కరుణ్ణి కూర్చోబెట్టింది. మిగిలినవారిని వరుసగా ఒకరి తరువాత ఒకరిని చుట్టూ కూర్చోబెట్టింది. దగ్గరగా బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు. బాగా దూరంగా మహాకాయుడు కాబోయే గురుడు, అతని పక్క మందగామి అయిన శని, వారికి ఆవల చలికి నీలం తిరిగిన కవలలు ఇద్దరు. కుజుడికీ గురుడికీ నడుమ ఖాళీ మిగిలింది. అక్కడ తన కడగొట్టు కూతుర్ని, శీకరను, కూర్చోబెట్టింది. పుట్టకముందే పేరు పెట్టరాదంటారు. ఆ తల్లికి ఆగబుద్ధి కాలేదు. గురుని పక్కన ఉంటే చిన్నదానికి ఏ లోటూ రాదని ఆమె తలచింది.

వడ్డన మొదలైంది. పంక్తికి పెద్ద కనుక భాస్కరునికే మొదట వడ్డించింది. అతడు కొంగులో ఉన్నదంతా దాదాపు ఒక్కడే తిన్నాడు.

"నాయనా, తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారు" అన్నది తల్లి మెల్లగా.

"నేను లాక్కోవడం లేదమ్మా. అదే వచ్చి నాలో పడుతోంది" అన్నాడు భాస్కరుడు సిగ్గుపడుతూ. అది నిజమే. ఎక్కువ ఉన్నవాడి వైపుకే ఎక్కువ జారడం ఆ ఉత్తరీయం స్వభావం.

కుంపటికి దగ్గరగా కూర్చున్నవారికి పెట్టడానికి ఆమెకు ఎక్కువ పదార్థాలు లేకపోయాయి. ఆ వేడికి మంచు నిలవదు, ఆవిరి నిలవదు. రాయి, ఇనుము మాత్రమే నిలుస్తాయి. అందువల్ల ఆమె కొంగుతో ఒక గీత గీసి, దానికి ఈవల ఉన్నవారికి వేపిన రాతిపలుకులు, లోహపు నలుసులు పెట్టింది. ఆ మంచుగీతకు ఆవల ఉన్నవారికి వాటితోపాటు మంచు కూడా పుష్కలంగా వడ్డించింది. అణువు అణువును అంటి నలుసు అయ్యేది. నలుసులు కలిసి గులకరాయి, రాళ్లు కలిసి గుట్ట, గుట్టలు కలిసి పెద్ద ముద్ద. ముద్ద బరువెక్కాక తన చుట్టూ ఉన్నదాన్ని తానే పిలుచుకొనేది.

"అమ్మా, అన్నీ వేపుళ్లే పెట్టావు. మంచినీళ్లేవీ?" అని అడిగింది భూదేవి. కాలిన పెదవులతో, పొడిబారిన గొంతుతో ఆమె రాతిముద్దలను మింగలేక మింగుతోంది.

"వస్తున్నా తల్లీ, ఆవలివాళ్లకు కాస్త పెట్టి."

"నీళ్లు లేకుండా బంతిలో కూర్చోబెట్టకూడదంటారు కదమ్మా."

"నీకు తెలియని శాస్త్రం లేదు గాని, నోరు మూసుకొని తినవే" అని కసిరి, మళ్లీ తనే జాలిపడి, దోసిలి నిండా మంచు పట్టుకొని వచ్చింది నీహారికాదేవి. గీత దాటగానే అది ఆమె చేతిలోనే ఆవిరై పోయింది. మూడుసార్లు తెచ్చింది, మూడుసార్లూ అంతే. భూదేవి తన తల్లి ఖాళీ చేతుల వైపు చూసి, మరి నీళ్లమాట ఎత్తలేదు.

మంచుగీతకు సరిగ్గా ఆవల కూర్చున్న గురుని విస్తరిలో మాత్రం దేనికీ కొదవ లేదు. రాయి ఉంది, మంచు ఉంది. ముద్ద పెద్దదయ్యేసరికి చుట్టూ తేలుతున్న ఆవిరి అంతా పాయసంలా వచ్చి అతని విస్తరిలో పడింది. ఆ మహోదరుడు చూస్తుండగానే తోబుట్టువులందరినీ మించి పెరిగాడు. శనైశ్చరుడు ఒక్కొక్క మెతుకే నమిలి తింటూ, ఓరకంట చూసి అన్నాడు: "అన్నయ్యా, నువ్వు తింటున్నావా, లేక బంతినే తింటున్నావా?"

"ఆకలి నాది, వడ్డన అమ్మది. మధ్యలో నీకేం బాధ?" అని నవ్వాడు గురుడు. అతడు ఆకలిమనిషే గాని మనసున్నవాడు. పక్కన చిన్న విస్తరి ముందు కూర్చొని ఇంకా ఒక్క ముద్దా కలుపుకోలేని చెల్లెలి వైపే మాటిమాటికీ చూస్తున్నాడు.

ఆ సమయానికి నీహారికాదేవి పంక్తి చివర, నీలకవలల దగ్గర ఉంది. ఆ దూరాన మంచు ఎంత ఉన్నా మెతుకులు పలుచగా, ఒకదానికొకటి అందనంత దూరంగా ఉన్నాయి. ముద్ద కలపడం సులభమైన పని కాదు. ఆమె భుజాలు లాగుతున్నాయి, కొంగు నలిగి పలుచబడింది. అప్పుడే నడుమ కుంపటి వైపు నుంచి ఎర్రని కాంతి మిణుక్కుమన్నది. భాస్కరుని కడుపులో అగ్ని రగులుకొంటోంది. శీకర ముందు విస్తరి ఇంకా అలాగే ఉంది. తాను ఇక్కడి నుంచి అక్కడికి చేరేలోగా పెద్దవాడు లేస్తే?

"నాయనా గురూ!" అని కేకవేసింది. "నువ్వు పక్కనే ఉన్నావు. చెల్లెలికి ఒక్క ముద్ద కలిపి పెట్టు. నేను వచ్చేస్తున్నాను."

గురుడు తన చేతుల వైపు చూసుకొన్నాడు. "అమ్మా, నా చెయ్యి ఎంగిలి."

"తోబుట్టువుల మధ్య ఎంగిలేమిటిరా? అది చిన్నపిల్ల. పెట్టు."

విధాతకు నవ్వుతూ ఇచ్చిన జవాబు ఆ క్షణంలో ఆమెకు గుర్తుకు రాలేదు. బిడ్డ ఆకలి ముందు ఏ తల్లికి శాస్త్రం గుర్తుంటుంది?

గురుడు లేచాడు. భోజనం మధ్యలో తన విస్తరి విడిచి, ఇంత మహాకాయంతో, చెల్లెలి వైపు అడుగువేశాడు. అతడు వంగేసరికి శీకర విస్తరిలోని మెతుకులన్నీ గాలికి ఊగిన ధాన్యంలా అల్లాడిపోయాయి. కొన్ని అతని చేతికి అంటుకొన్నాయి. మరికొన్ని ఎగిరి భాస్కరునిలో పడ్డాయి. ఉన్నవాటినైనా పోగుచేద్దామని అతడు మరింత ముందుకు వెళ్లాడు. ఆ అడుగు కుజుని విస్తరి అంచు మీద పడింది.

"అన్నయ్యా, కాలు తియ్యి! నా అన్నమంతా తొక్కేశావు" అని అరిచాడు కుజుడు. ఆ రోజు పోయిన మెతుకులు అతనికి మళ్లీ రాలేదు. అంగారకుడు అక్కయ్య భూదేవి పక్కన అంత చిన్నవాడుగా కనిపించడం అందుకే.

ఎంత మంచిపని చేద్దామనుకొన్నా చేయి పడిన చోటల్లా చెదిరిపోతూ ఉండడం చూసి గురుడు నివ్వెరపోయి నిలబడ్డాడు. అప్పుడు వెనుక నుంచి శని, తొందర ఎరుగని గొంతుతో పిలిచాడు: "అన్నయ్యా, ఇటు రా. నువ్వు అక్కడ ఎంతసేపు ఉంటే అంత పాడవుతుంది. నా చెయ్యి పట్టుకో." పట్టుకొని, మెల్లగా, తనతోపాటు వెనక్కి నడిపించుకువచ్చి కూర్చోబెట్టాడు.

నీహారికాదేవి పరుగున వచ్చింది. చూసింది. తన పొరపాటు అప్పుడు ఆమెకు పూర్తిగా అర్థమైంది. శీకర ముందు కూర్చొని, మిగిలిన మెతుకులను రెండు చేతులా పోగుచేసి ముద్ద కలపసాగింది. ముద్ద కుదురుకొనేసరికి, విస్తరితోపాటు తన కక్ష్యలో తిరుగుతున్న గురుడు అటుగా వచ్చేవాడు. అతడు చేయి చాపకపోయినా, ముఖం తిప్పుకొన్నా, ఊపిరి బిగబట్టుకొన్నా, అతని బరువుకే ముద్ద వణికి విడిపోయేది. ఆమె మళ్లీ కలిపేది. అతడు మళ్లీ వచ్చేవాడు.

"అమ్మా! నేను ఎక్కడికి పోను? నా ఒళ్లే దాని పాలిట శత్రువు అయింది" అని ఆ మహాకాయుడు వలవల ఏడ్చాడు.

"నీ తప్పు లేదురా. పెట్టమన్నది నేను" అంటూనే ఆమె మెతుకులు ఏరుతోంది.

ఇంతలో నడుమ నుంచి భాస్కరుని గొంతు వినిపించింది. "అమ్మా, అందరూ తిన్నారా?"

"ఇంకా లేదు నాయనా. చెల్లెలు ఉంది. కాస్త ఆగు."

"ఆగుతున్నాను. ఎంతసేపని ఊపిరి బిగబట్టను?"

"ఇంకొక్క క్షణం."

"నీ క్షణం ఎంతో నాకు తెలుసు" అని ఆ జ్యేష్ఠుడు ఆ యాతనలోనూ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కడుపులో అగ్ని గొంతు దాకా ఎగదన్నుతుంటే, చేతిలో ఉత్తరాపోశనపు నీటిబొట్టు పట్టుకొని, దాన్ని పుచ్చుకోకుండా, పెదవులు బిగించి కూర్చున్నాడు. అతని దేహం ఉబ్బుతోంది, కుంగుతోంది; వెలుగు ఒకసారి మిక్కుటమై, ఒకసారి మసకబారుతోంది. చెల్లెలి కోసం ఆయన అలా ఎంతకాలం ఆగాడో చెప్పడానికి అప్పటికి దినాలు లేవు.

నీహారికాదేవి తలెత్తి చూసింది. కొడుకు ముఖం కెంపువన్నెకు తిరిగి ఉంది. ఆపై వణికింది. ఆ వన్నె ఆమెకు తెలుసు. ఆ వణుకూ తెలుసు. తండ్రి ముఖంలో కడపటిసారి చూసినవి అవే. ఇంకొక్క క్షణం ఆగమంటే వాడు ఆగుతాడు. ఆగి, తాతలాగే బద్దలవుతాడు. అప్పుడు పంక్తే ఉండదు.

ఆమె చేతిలోని ముద్ద వైపు చూసుకొన్నది. అది ఇంకా కుదరలేదు. దాన్ని జాగ్రత్తగా విస్తరిలో దించి, చేతులు తుడుచుకొని, లేచి నిలబడింది.

"లే, నాయనా!" అన్నది. "ఇక లే."

భాస్కరుడు ఉత్తరాపోశనం పట్టాడు. లేచాడు.

అప్పుడు పుట్టిన వెలుగును వర్ణించడం ఆదిశేషునికైనా అలవికాదు. అంతవరకు బిగబట్టిన ఊపిరి మహావాయువై నలువైపులా వీచింది. పంక్తి మీద పొగమంచులా కమ్ముకొని ఉన్న ఉత్తరీయం ఒక్కసారిగా చిరిగి, పాయలు పాయలుగా విడి, దిగంతాల వైపు కొట్టుకుపోసాగింది. విస్తరుల ముందు ఉన్నవారు ఎక్కడివారక్కడ చేతులు ముడుచుకొన్నారు. భోజనం ముగిసింది. ఎనిమిదిమంది పూర్ణదేహులై కూర్చొని ఉన్నారు. తొమ్మిదో విస్తరిలో మెతుకులు మెతుకులుగా శీకర ఉంది.

కొట్టుకుపోతున్న నీహారికాదేవి ఆఖరి చెరగును ఎవరో రెండు వేళ్లతో పట్టి ఆపారు. విధాత వచ్చి నిలిచి ఉన్నాడు.

"స్వామీ! శిక్షించండి" అంటూ అందరికంటే ముందు గురుడు సాష్టాంగపడబోయాడు. అతని బొజ్జ అడ్డమై సగంలోనే ఆగిపోయాడు. "విస్తరి విడిచి లేచినవాణ్ణి నేను. ఎంగిలి చేయి వేసినవాణ్ణి నేను."

"వాణ్ణి లేపింది నేను" అన్నది తల్లి.

"లేచి బంతి ముగించింది నేను. తప్పు నాది" అన్నాడు భాస్కరుడు.

"నేను ముందే పిలవవలసింది. నా నడక సంగతి మీకు తెలుసు కదా" అని శని తల దించుకొన్నాడు.

విధాత నాలుగు ముఖాలతో నలుగురినీ ఒకేసారి చూశాడు. "నేను విస్తరులు చూడడానికి వచ్చాను గాని, తప్పు ఎవరిదని అడగడానికి రాలేదు. అడగకుండానే ఇంతమంది పంచుకొంటున్నారు. ఇంత పంచుకొనే ఇంట్లో శిక్షకు చోటు ఎక్కడ?" అని, మెతుకుల వైపు తిరిగి వాత్సల్యంతో పిలిచాడు. "అమ్మా శీకరా! నీకు ఆకలిగా ఉందా?"

వేలాది మెతుకుల నుంచి ఒకే సన్నని గొంతు వచ్చింది. "కడుపు ఉంటే కదా స్వామీ, ఆకలి వేయడానికి."

ఆ మాటకు తోబుట్టువులకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే అందరూ కళ్లు తుడుచుకొన్నారు. గురుడు తన విస్తరిలో మిగిలినది చూపించి, "ఇదంతా దానికి ఇచ్చేస్తాను స్వామీ" అన్నాడు. విధాత తల అడ్డంగా ఊపాడు.

"ఒకసారి ముగిసిన పంక్తిని తిరిగి వడ్డించే అధికారం నాకూ లేదు. అయితే ఈ బిడ్డకు ఒక దారి ఉంది. అమ్మా నీహారికా, ఈ గాలికి నీవు నశించవు. దూరదేశాలకు కొట్టుకుపోయి, అక్కడి పొగమంచులో కలిసి, మరొక కొంగు పరిచి మరొక పంక్తి తీర్చుతావు. ఈ మెతుకులను నీ చెరగున ముడివేస్తాను. అక్కడ మొదటి వడ్డన దీనిదే. పూర్ణదేహంతో పుడుతుంది. నీ ఒడిలోనే ఉంటుంది."

తల్లి ముఖం వికసించింది. వణుకుతున్న చెరగును విస్తరి వైపు చాచింది. "రా తల్లీ. పోదాం."

శీకర కదలలేదు.

"ఏమే, రావేం?"

"అమ్మా, అక్కయ్య ఇంకా నీళ్లు అడుగుతూనే ఉంది."

అందరూ భూదేవి వైపు చూశారు. ఆమె ఏమీ అడగడం లేదు. తలవంచుకొని, ఎండిన పెదవులు తడుపుకోబోయి, నాలుక కూడా పొడిగా ఉండడంతో ఊరకున్నది.

"నోటితో అడగడం లేదు గాని, నాకు ఇక్కడికి వినిపిస్తోంది" అన్నది శీకర. "నువ్వు మంచు తీసుకువెళ్తే ఆవిరైపోయింది, నేను చూశాను. దోసిట్లో పట్టుకొంటే నిలవదమ్మా. నా మెతుకుల్లో రాయి ఉంది, రాతి లోపల తడి ఉంది. గీతకు దగ్గరగా కూర్చోబెట్టావు కదా, రెండూ కలిసిపోయాయి. రాతి కడుపులో దాగిన తడి ఆ వేడికి చావదు. నేను నీతో వచ్చేస్తే అక్కయ్య గొంతు ఎప్పటికీ ఇలాగే ఉంటుంది."

నీహారికాదేవి చెరగును ఇంకా ముందుకు చాచింది. "పిచ్చిదానా, అది రాళ్లు తిని అరిగించుకొన్న గట్టిపిల్ల. దానికేం? నువ్వు ఇలాగే మెతుకులుగా ఉండిపోతావే! నీకంటూ ఒక ముఖం ఉండదు. నిన్ను ఎవరూ గుర్తుపట్టరు."

"తాతయ్యకు మాత్రం ఇప్పుడు ముఖం ఎక్కడుందమ్మా? అన్నయ్య లేడూ, అక్కయ్య లేదూ?"

ఆ ఒక్క మాటతో తల్లి చేయి ఆగిపోయింది. ఎదుట కాంతులీనుతున్న భాస్కరునిలో, భూదేవి గుండెలో గడ్డకట్టిన ఇనుములో, కుజుని ఎర్రని చర్మంలో ఆమెకు తండ్రి కనిపించాడు. ఆయన పోయిననాడు తాను కొంగు పట్టి ఆపుకొన్నది ఎందుకు? తినేవారికి పెట్టడానికే. ఇప్పుడు ఈ చిన్నది అదే పని చేస్తానంటోంది. చాచిన చెరగును నీహారికాదేవి మెల్లగా వెనక్కి తీసుకొన్నది.

"ఇంటి బుద్ధి ఎక్కడికి పోతుంది" అని, కన్నీటితో నవ్వింది. "ఉండు తల్లీ. నీ ఇష్టమే కానీ."

అప్పుడు విధాత ప్రసన్నుడై కమండలం ఎత్తి పలికాడు: "శీకరా! నీవు కోరినది అనుగ్రహించాను. కుజునికీ గురునికీ నడుమ నీ విస్తరి ఎప్పటికీ తీయబడదు. అక్కడి నుంచి నీ మెతుకులు కొన్ని భూదేవిని చేరి, ఆమె దాహం తీర్చి, సముద్రాలై నిలుస్తాయి. ఆ నీటి నుంచే ప్రాణులు పుడతాయి. నీకు ముఖం ఉండదని మీ అమ్మ అన్నది. నీళ్లు తాగే ప్రతి ప్రాణి ముఖమూ నీదే. గురూ! నీ చేయి చెదరగొట్టిందని ఏడ్చావు. ఇక మీదట ఆ చేతికే పని అప్పగిస్తున్నాను. చెల్లెలి మెతుకులను మంద కాచినట్లు కాచుకో. కావలసినవాటిని అక్కయ్య వైపు తోయి. బయటి నుంచి వచ్చి మీద పడబోయే పిడుగురాళ్లను చేతనైనంత మేరకు అడ్డుకో."

"చేతనైనంత మేరకేనా స్వామీ?" అన్నాడు గురుడు.

"నీ చేతి సంగతి చూశాం కదా అన్నయ్యా" అన్నాడు శని. ఈసారి విధాత కూడా నవ్వాడు.

తరువాత ఆ పితామహుడు నీహారికాదేవి చెరగును విడిచిపెట్టే ముందు, ఆమెకు ఆకాశాన్ని ఒక్కమారు తెరిచి చూపించాడు. అక్కడ అసంఖ్యాకంగా పంక్తులు ఉన్నాయి. ఒకచోట గురునివంటి మహాకాయుడు కుంపటిని ఆనుకొని కూర్చొని, చెమటలు కారుస్తూ గబగబా చుట్లు తిరుగుతున్నాడు. వేరొకచోట పిల్లలందరూ భుజాలు రాచుకొనేంత దగ్గరగా కూర్చొని, ఒకరి విస్తరిలోకి ఒకరు తొంగిచూస్తున్నారు. ఇంకొక పంక్తికి ఇద్దరు పెద్దలు. ఎవరు లేచేదాకా ఆగాలో తెలియక పిల్లలు బిక్కముఖం వేసి చూస్తున్నారు. ప్రతి పంక్తి చుట్టూ చిరిగిన కొంగుతో ఒక తల్లి పరుగెత్తుతోంది. ఏ రెండు వడ్డనలూ ఒక్కలా లేవు.

"చూశావా అమ్మా? వారందరూ ఎక్కడో ఒకచోట పొరబడినవారే. పొరపాటు పడని తల్లి కొంగు కింద పుట్టిన లోకం నాకు ఇంతవరకు కనబడలేదు."

"చాలు స్వామీ" అన్నది నీహారికాదేవి. అప్పటికి ఆమె బరువు దిగింది. విధాత వేళ్లు విడిచాడు. గాలి ఆమెను ఎత్తుకొన్నది.

పాయలు పాయలుగా వెళ్లిపోతూ, కడపటి పాయ ఇంకా అక్కడ తచ్చాడుతుండగా, ఆమె వెనక్కి తిరిగి చూసింది. గురుడు ఈసారి చేయి చాపలేదు; తన చోట తాను కూర్చొని, ఎంతో జాగ్రత్తగా, కొసవేలితో తాకీ తాకనట్లు ఒక్క మెతుకును కదిలించాడు. అది భాస్కరుని వెలుగులో మెరుస్తూ, మంచుగీత దాటి, కుజుని పక్కగా సాగి, భూదేవి పెదవి మీద వచ్చి వాలింది. వేడికి రాయి పగిలింది. లోపలి తడి బయటపడింది.

భూదేవి ఉలిక్కిపడి పెదవిని తాకి చూసుకొన్నది. ఆపై తలెత్తి, తల్లి వెళ్లిన దిక్కుకు గొంతెత్తి పిలిచింది. "అమ్మా! నీళ్లు వచ్చాయి!"

ఆ మాట తల్లికి వినబడింది.

నాటి నుంచి భాస్కరుడు తన పంక్తిని నడుమ కూర్చొని పాలిస్తున్నాడు. తోబుట్టువులు ఎవరి చోటు వారు తప్పకుండా తిరుగుతున్నారు. చిన్న విస్తరి అలాగే పరచి ఉంది. అన్నం ముందు కూర్చున్న గృహస్థు మొదట విస్తరి చుట్టూ నీటిధార తిప్పే వేళ, ఆ నీటిలో ఉన్న కడగొట్టు బిడ్డను ఒక్కసారి తలచుకొంటే, అతని ఇంట దాహం అడిగినవారు ఖాళీగా మరలరు. వడ్డించే ఇల్లాలు ఈ కథను స్మరిస్తే ఆమె కొంగులో ఎప్పుడూ ఇంకొకరికి సరిపడా మిగులుతుంది. ఎక్కడో దూరాన పొగమంచు కమ్మిన ఆకాశంలో ఇప్పుడు కూడా ఒక తల్లి కొంగు బిగించి వడ్డన మొదలుపెడుతూ ఉంటుంది. ఆమెకు మన నమస్కారం.